పడకెక్కితేనే పుణ్యం!

తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉచిత చికిత్స పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలైంది. మంచిదే! గుండెకు స్టెంటు పడితే కార్డు చూపిస్తే చాలు. ఆ గుండెకు అంతదాకా రాకుండా రోజూ వేసుకునే బీపీ బిళ్లకు మాత్రం మందుల షాపులో జేబు తడుముకోవాల్సిందే.

మా పక్కింటి బాబాయ్ బిళ్లను సగానికి విరిచి మింగుతున్నాడు.

"సర్కారు దవాఖానాలో ఊరికే ఇస్తారుగా బాబాయ్?"

"పొద్దున్నే లైన్లో నిలబడితే ఆ రోజు కూలీ పోతుందిరా. అది ఊరికేనా?"

పోనీ, ముందస్తు ఆరోగ్య పరీక్షలకు పాత పన్ను విధానంలో 5,000 రూపాయల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. బాబాయ్ ఇప్పుడు పన్ను కట్టేంత ఆదాయం కోసం వెతుకుతున్నాడు. మిగతా సగం బిళ్ల పిన్నికట!