ఫిట్టింగుల చాచా

పాతబస్తీలో శాలిబండ నుంచి మొగల్‌పురా దాకా ఏ గల్లీలో కాసేపు నిలబడినా ఆయన తగులుతాడు. అసలు పేరు రేషన్ కార్డుకే తెలుసు, గల్లీకి మాత్రం చాచా. దాదాపు 20 కిలోల నల్ల సైకిలు. దానికి ముందు గంట, గంట కింద డైనమో లైటు, హ్యాండిల్‌కు ఎర్ర కుచ్చులు, ఇరుసుల చుట్టూ రంగురంగుల బ్రష్షులు, చైనుకు కవరు, మడ్‌గార్డుకు రబ్బరు ఫ్లాపు, వెనక క్యారియర్, దానికి పాత ట్యూబు కోసి చేసిన పట్టీ, రెండు కాళ్ల స్టాండు, రెండు తాళాలు. ఇవన్నీ తప్పించి చూస్తే సైకిలు ఎక్కడో కనిపిస్తుంది. చాయ్ వన్ బై టూ చెప్పే మనిషికి ఈ నఖరాలేమిటని జనం నవ్వుతారు. ఆయన మాత్రం ప్రతిదీ ‘జరూరీ సామాన్’ అంటాడు. ఆ మాట నిజమే. కాకపోతే ఎవరికి జరూరీ అన్నదే ప్రశ్న. ఒక్కొక్కటే విప్పి చూస్తే తేలేది ఇది: ఆయన సైకిలుకు బిగించినదాంట్లో ఆయన కోసం కొన్నది ఏమీ లేదు.

గంటతో మొదలుపెడదాం. ఈ తరహా సైకిలుకు ఉండేవి కడ్డీ బ్రేకులు. వాటి రబ్బరు ముక్కలు ఉక్కు రిమ్మును లోపలివైపు నుంచి పట్టుకోవాలి. వానకు రిమ్ము తడిస్తే ఆ పట్టు జారుతుంది. కాబట్టి వానాకాలమంతా చాచాకు గంటే బ్రేకు. దాన్ని మోగించేది తాను ఆగడానికి కాదు, ఎదుటివాడు బతికిపోవడానికి. మరి లైటు? దారి చూసుకోవడానికే కదా, అది సొంత లాభమే కదా అనేవాళ్లుంటారు. టైరుకు ఒరుసుకుంటూ తిరిగే ఆ చిన్న డైనమో ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లు; అదీ చక్రం జోరుగా తిరిగితేనే. సాయంత్రం పూట పత్తర్‌గట్టీలో జోరెక్కడిది? నెమ్మదిస్తే లైటు మినుకుమంటుంది, ఆగితే ఆరిపోతుంది. గుంత దగ్గర ఎవరైనా నెమ్మదిస్తారు, సరిగ్గా అప్పుడే గుంత కనిపించదు. పైగా డైనమో తిరిగినంతసేపూ పెడలు బరువెక్కుతుంది. అంటే ఈయన తన పిక్కలు అరగదీసుకుని ఎదురొచ్చేవాళ్లకు తాను కనిపించే ఏర్పాటు చేస్తున్నాడు.

క్యారియర్ బిగించిన రోజు నుంచే గల్లీ ఉమ్మడి ఆస్తి. చాచా సొంత సామాను టిఫిన్ డబ్బా ఒక్కటే, అది హ్యాండిల్‌కే వేలాడుతుంది. క్యారియర్ ఎక్కేవి పక్కింటి బియ్యం బస్తా, ఎదురింటి గ్యాస్ బండ, వెనకింటి పిల్లాడు. బండ ఎక్కాక ఒంటికాలి స్టాండు ఆగదు. అందుకే వెనక చక్రాన్ని నేల మీంచి లేపి నిలబెట్టే రెండు కాళ్ల స్టాండు. దాని విలువ కత్తులకు సాన పట్టేవాడికి తెలుసు: సైకిలును స్టాండు మీద నిలిపి, పెడలు తొక్కి, బెల్టుతో సానరాయిని తిప్పుతాడు. వాడికది పొట్టకూడు. చాచా స్టాండు మీద గాల్లో లేచిన చక్రం గల్లీ పిల్లలకు కాలక్షేపం. ఇక తాళాలు. వెనక చక్రానికి బిగించిన తాళం చక్రాన్ని తిరగనివ్వదు గానీ, సైకిలును ఎత్తుకుపోయేవాణ్ణి ఆపలేదు. అందుకని గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుము రేటుకు కొన్న గొలుసుతో కరెంటు స్తంభానికి కట్టేస్తాడు. దొంగ పాపం మూట కట్టుకోకుండా కాపాడేది ఆ గొలుసే.

సరే, కుచ్చులూ బ్రష్షులూ ఎవరిని ఉద్ధరించడానికి, షోకు కాదా అంటారు. షోకే. కానీ సీటు మీద కూర్చున్నవాడికి వెనక ఇరుసు బ్రష్షు కనిపించదు. అది ఇరుసు మీద దుమ్ము తుడుస్తుందని చాచా అనే మాటలో నిజం లేకపోలేదు, తుడవడానికి మూడు రంగులు అక్కర్లేదన్నదీ నిజమే. ఆ రంగులు చూసేవాళ్లవి. చైను కవరు తన పైజామాకు గ్రీజు అంటకుండానే కదా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. పైజామా చాచాదే, ఉతికేది చాచీ. ఫ్లాపు ఆపే బురద వెనక వచ్చేవాడి చొక్కా మీద పడవలసినది.

మిగిలింది సీటు. సైకిలు మొత్తంలో ఆయన ఒంటికి నేరుగా పనికొచ్చేది అదొక్కటే, ఆయన పైసా పెట్టనిదీ అదొక్కటే. తోలు పగిలింది, ఒక స్ప్రింగు వదులైంది, వాన పడితే పైన పాలిథిన్ సంచి. పోనీ, ఎత్తయినా తనకు తగినట్టు ఉందా? పెడలు పూర్తిగా కిందికి దిగినప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి, అదీ లెక్క. చాచా సీటు అంతకు జానెడు కిందే. పది అడుగులకోసారి తోపుడు బండికో, మేకకో, లాడ్ బజార్‌లో గాజులు బేరమాడే పెళ్లివారికో దారి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలి. మోకాళ్ల నొప్పి ఆయనది, దారి వాళ్లది.

ఈ బరువంతా పీకేసి తేలికపాటి గేరు సైకిలు కొనుక్కోవచ్చు కదా అన్నది చివరి సలహా. అలాంటివాటిలో చాలావాటికి క్యారియరూ ఉండదు, మడ్‌గార్డూ ఉండదు. అవి జోరు కోసం పుట్టినవి. ఆ జోరుకు ఇక్కడ దారేది? మూసీ వరద వచ్చిన నాలుగేళ్లకు, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీని వెడల్పు చేసి రాతి కమానుల దుకాణాలు కట్టించింది. ఆ వెడల్పులో సైకిలు వాటా ఎంతో ఇప్పటికీ తేలలేదు. నగరానికి సైకిలంటే ప్రేమ లేదనీ కాదు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచారు. అక్కడ తొక్కాలంటే చాచా తన సైకిలును ట్రాలీ ఆటోలో వేసుకుని పోవాలి. తొక్కేవాడికి నిజంగా జరూరీ అయిన సామాను దారి ఒక్కటే, దాన్ని ఏ మిస్త్రీ బిగించలేడు. కాబట్టి చాచాను చూసి నవ్వడం మానక్కర్లేదు. గంట వినబడగానే పక్కకు జరిగి నవ్వితే చాలు.