ఇంట్లో కూర్చొని ఫైట్లు తూచే విధానం

ముందు గది సంగతి. హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో నూటయాభై గజాల ప్లాటు కొని ఇల్లు లేపినవాళ్లు పైన ఒక గది మిగుల్చుకుంటారు. పిల్లల స్టడీ రూమ్ అంటే ఇంట్లో ఎవరూ కాదనరు. బయటికి ఆ పేరే ఉంచి, లోపల గోడలకు నల్లరంగు వేయించి, ప్రొజెక్టరు బిగించి, చుట్టూ ఏడు స్పీకర్లు, మూలన ఒక సబ్‌వూఫరు దించండి. యాక్షన్ సినిమాల డిస్కులకు రివ్యూలు రాసే మనిషి తయారవడానికి ఇంతకుమించి అర్హతలేమీ అక్కర్లేదు. ఇల్లు సాగర్ రోడ్డుకు దగ్గరైతే ఇంకా కలిసొస్తుంది. రాత్రిపూట లోడుతో పోయే టిప్పర్లకు కిటికీ అద్దాలు వాటంతటవే అదురుతాయి. ఆ అదురును కూడా డిస్కు ఖాతాలో వేసి ‘బేస్ గుండెకు తగిలింది’ అని రాసుకోవచ్చు. ఎవరూ వచ్చి కొలిచేది లేదు.

పక్కింటాయన మాత్రం వస్తాడు. ‘సార్, గా బాంబులు జర తక్కువ పెట్టుండ్రి, పిల్లకు ఇంటర్ పరీక్షలున్నయ్’ అంటాడు. నొచ్చుకోకండి. ‘గోడ అవతలి ప్రేక్షకుడు సైతం కదిలిపోయాడు’ అనే వాక్యం ఆయన చలవే.

మీ విద్యకు పూర్వీకులున్నారు. వాళ్ల ఊసు ఎత్తితే మీ పరువు పోతుంది కాబట్టి రివ్యూలో ఎత్తకండి, ఇక్కడ చెవిలో చెబుతాను. 1980లలో, 90లలో వినాయక చవితి మండపాల దగ్గర కలర్ టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి తెల్లవార్లూ వరసగా సినిమాలు వేసేవారు. డెక్కు వెంట వచ్చిన పిల్లగాడే ఆనాటి విమర్శకుడు. ఆయన తీర్పులు రెండే: ‘ప్రింటు మంచిగుంది’, ‘గీతలొస్తున్నయ్’. గీతలొస్తే క్యాసెట్టు బయటికి లాగి, హెడ్డు తుడిచి, మళ్లీ వేసేవాడు. నక్షత్రాలు లేవు, పదికి ఎన్ని మార్కులన్న గొడవ లేదు. పాటలకు కునుకు తీసినవాళ్లు ఫైటు చప్పుడుకు లేచి కూర్చునేవారు. నచ్చితే ‘మళ్లొకసారి ఎనకకు తిప్పు’ అని కేకేసేవారు. తిప్పమన్నారంటే ఫైటు బాగున్నట్టే. ఇలాంటి కొలతను దగ్గరికి రానివ్వకండి. అందులో మీ స్పీకర్ల పేరు చెప్పుకునేందుకు చోటు లేదు.

అతిగా చూస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. రామ్‌గోపాల్ వర్మ సినిమాల్లోకి రాకముందు అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపాడు. షాపులోని సినిమాలను ఊరికే చూసి వదలలేదు. కెమెరా ఎక్కడుంది, చప్పుడు ఎప్పుడు ఆగింది అని పట్టిపట్టి చూశాడు. ఫలితంగా 1989 అక్టోబరులో ‘శివ’ విడుదలైంది. మీకా గతి పట్టకుండా చూసుకోండి. అసలైన రివ్యూయర్ పట్టిపట్టి చూడవలసింది డిస్కు పెట్టె అట్టను.

అదే ‘శివ’ 2025 నవంబరులో 4కె చేసుకొని, అట్మాస్ శబ్దంతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఇంటి తెర మీద దాన్ని సమీక్షించే రోజుకు ఇప్పటినుంచే సిద్ధంకండి. హీరో తెంపిన సైకిల్ చైను మీది గ్రీజు ఎంత స్పష్టంగా కనబడుతోందో ఒక పేరా, చైను తెగిన చప్పుడు వెనక కుడి స్పీకరులోంచి వచ్చిందా, పైకప్పులోంచి వచ్చిందా అని మరో పేరా. ఆ చైను జనాన్ని ఎందుకు పట్టేసిందో మాత్రం రాయొద్దు. అది సినిమావాళ్లు సెట్టుకు మోసుకొచ్చిన ఆయుధం కాదు, ప్రతి కాలేజీ స్టాండులో వరసగా నిలబెట్టి ఉన్నదే. కొట్టేముందు కాసేపు నిశ్శబ్దం పెట్టారు కాబట్టే దెబ్బ మోగింది. స్టెడీకామ్ మనిషి వెంట పరిగెత్తింది కాబట్టే తరుముతున్నట్టు అనిపించింది. ఇవన్నీ రాస్తే సబ్‌వూఫరు ఏ కంపెనీదో చెప్పడానికి జాగా మిగలదు.

పాత సరుకును ఎలా చూడాలో నేర్చుకోండి. చూసీచూడనట్టు, కాస్త ముక్కు చిట్లించి చూడాలి. వీసీడీ బొమ్మ అడ్డం 352 చుక్కలు, నిలువు 288. ఒక డిస్కులో 74 నిమిషాలు పట్టేది. మన సినిమాలు చాలావరకు రెండు గంటలు దాటుతాయి కనుక రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు. దర్శకుడు అనుకున్న ఇంటర్వెల్ ఒకటి, డిస్కు అయిపోవడంతో వచ్చే ఇంటర్వెల్ ఇంకొకటి. హీరో కాలు లేపాక డిస్కు ఆగేది, ఆ కాలు కింద పడాలంటే మనం లేచి వెళ్లి రెండోది పెట్టాలి. తెర మూలన లేబుల్ వాళ్ల లోగో సినిమా అంతటా తేలుతూ ఉండేది. 2007లో మోజర్ బేయర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మి మార్కెట్టును తలకిందులు చేసింది. పదకొండేళ్లకు, 2018లో, ఆ కంపెనీయే లిక్విడేషన్‌కు పోయింది. ఆ 34 రూపాయల డీవీడీ మీ బీరువాలో ఉంటే ధర స్టిక్కరు జాగ్రత్తగా గీకేసి ‘కలెక్టర్స్ ఎడిషన్’ అనండి.

డబ్బా టీవీల కాలంలో ఫైట్లకు జరిగిన అసలు అన్యాయం వేరే ఉంది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగు సినిమా స్కోప్ తెరకెక్కింది. తర్వాత్తర్వాత ఆ వెడల్పే మామూలైంది. స్కోప్ బొమ్మ ఎత్తుకు రెండున్నర రెట్ల దాకా వెడల్పు. పాత టీవీ మాత్రం నాలుగుకు మూడు. తెర నిండా బొమ్మ కావాలంటే పక్కలు కోయాలి, కోస్తే నూటికి నలభైకి పైగా బొమ్మ పోతుంది. పాటలో పోయినా పర్వాలేదు, అంచుల్లోని డ్యాన్సర్లు పోతారు. ఫైటులో ఆ కొసన హీరో, ఈ కొసన రౌడీ, మధ్యలో దెబ్బ. కోత పడ్డాక తన్నినవాడు కనబడడు, తన్నులు తిన్నవాడు గాల్లో ఎగిరి పాల క్యాన్ల మీద పడతాడు. మన హీరోలకు దైవశక్తులున్నాయని ఒక తరం నమ్మడంలో టీవీ కంపెనీల పాత్ర ఉంది. (‘పల్నాటి బ్రహ్మనాయుడు’లో తొడ కొడితే రైలు వెనక్కి పోవడం వేరే కేసు. అక్కడ ఫ్రేము పూర్తిగానే ఉంది.)

ఇక మీ అసలు బలం, బిట్‌రేట్. ఈ మాట మూడు వాక్యాలకొకసారి రావాలి. వీసీడీలో బొమ్మకు సెకనుకు 1.15 మెగాబిట్లు. 4కె డిస్కు గరిష్ఠంగా 128 దాకా పోగలదు. ఓటీటీలో 4కె అని వచ్చేది చాలాసార్లు 20కి అటూఇటూ. అంకెలు చదివి ఆగిపోకండి, వీటితో మనకు బాగా పనికొచ్చే శాస్త్రం ఒకటుంది. బొమ్మను కుదించే సాఫ్ట్‌వేర్ కదలని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపదు, మారినదాన్నే పంపుతుంది. ఇద్దరు మనుషులు సోఫాలో కూర్చొని కన్నీళ్లు పెట్టుకుంటే దానికి హాయి. గోడా మారదు, సోఫా మారదు. దుమ్ము లేస్తే మాత్రం ప్రతి ఫ్రేములో ప్రతి చుక్కా మారుతుంది, పంపలేక గడులు గడులుగా చేతులెత్తేస్తుంది. పొగ, వాన, నిప్పురవ్వలు, ఎగిరే కారం కూడా అలాంటివే. ఇప్పుడు మన ఫైట్లలో ఉండేవేమిటో లెక్కేసుకోండి.

అందుకే మీ రిఫరెన్స్ డిస్కు కోసం హాలీవుడ్ దాకా వెళ్లనక్కర్లేదు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’ (2002) చాలు. ఎర్రమట్టిలో పది సుమోలు ఒకేసారి బ్రేకు కొడితే లేచే దుమ్మును తట్టుకున్న ప్లేయరు దేన్నైనా తట్టుకుంటుంది. ఫ్యాక్షన్ సినిమాలు సీమకు మేలు చేశాయో కీడు చేశాయో వాదించేవాళ్లు వాదించుకోనీ, వీడియో కంప్రెషన్‌కు ఇంత కఠినమైన పరీక్ష పెట్టిన ప్రాంతీయ సినిమా మరొకటి ఉంటుందనుకోను. ఇంకో విచిత్రం చూడండి. ‘బాహుబలి’ మాహిష్మతి కోట సెట్టు వేసింది రామోజీ ఫిల్మ్ సిటీలో. తుర్కయాంజాల్ నుంచి బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అది అంత దూరమేమీ కాదు. అక్కడ లేచిన దుమ్ము ఎక్కడెక్కడి సర్వర్లో తిరిగి, సగం రాలిపోయి, మీ పై గదికి గడులుగా చేరుతుంది.

టీవీలో మోషన్ స్మూదింగ్ అనే సదుపాయం ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ మధ్యలో లేని ఫ్రేములను సొంతంగా కల్పించి బొమ్మను నున్నగా చేస్తుంది. వేగం రావాలని ఫైట్ మాస్టరు కొన్ని షాట్లను 24 కన్నా తక్కువ ఫ్రేములతో తీయించి ఉంటాడు, ఇంకొన్ని స్లోమోషన్‌కు ఎక్కువ ఫ్రేములతో తీయించి ఉంటాడు. ఆయన లెక్క మీద టీవీ తన లెక్క వేస్తుంది, క్లైమాక్సు కాస్తా మధ్యాహ్నం సీరియల్లా తయారవుతుంది. దీన్ని ఆపేయండని 2018లో టామ్ క్రూజ్ స్వయంగా వీడియో చేసి బతిమాలాడు. మీరు ఆపకండి. ఆపితే ‘ఫైట్లు సహజంగా లేవు’ అని రాయడానికి ఆధారం పోతుంది.

‘4కె’ అని అట్ట మీద కనబడగానే ఐదుకు ఐదు ఇవ్వాలి. దేన్నుంచి 4కె చేశారని అడగడం అమర్యాద. నెగటివ్‌ను కొత్తగా స్కాన్ చేశారా, ఉన్న ఫైలునే సాగదీశారా? ఎడిటింగు, కలరింగు 2కెలో ముగించిన సినిమాలు బోలెడు. వాటిని 4కె అనడం పాత పంచెకు కొత్త అంచు కుట్టడమే. 2022 ఆగస్టులో ‘పోకిరి’ మళ్లీ విడుదలై రీరిలీజుల జాతర మొదలయ్యాక, 2023 మేలో 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ కూడా కొత్త ప్రింటుతో గుర్రమెక్కింది. హాల్లో కాగితాలు ఎగరేసినవాళ్లు స్కాన్ సంగతి అడగలేదు, మీరెందుకు అడగాలి?

4కె వల్ల ఒక ఇబ్బంది వచ్చింది. దాన్ని ఎలా ఎదుర్కోవాలో శ్రద్ధగా వినండి. ఇన్నాళ్లూ మసకలో కలిసిపోయినవన్నీ బయటపడుతున్నాయి. నడుముకు కట్టిన వైరు, పక్కకు జరిగిన విగ్గు, పల్టీ కొట్టేటప్పుడు ఒక్క క్షణం హీరోది కాని ముఖం. వెంటనే పాజ్ కొట్టండి, ఫొటో తీయండి, ఎర్రగా గుండ్రం చుట్టి ‘దొరికిపోయిన లోపం’ అని రాయండి. ఆ డూపు మూడంతస్తుల మీంచి అట్టపెట్టెల మీదికి దూకి ఉంటాడు. తన ముఖం కెమెరాకు పడకుండా చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఇన్నేళ్లకు ఒక ఫ్రేములో పడ్డాడు. ఆ మనిషికి జీవితంలో దొరికిన ఏకైక క్లోజప్‌కు మీరు అర మార్కు కోయాలి.

ఫైట్ మాస్టర్ల పేర్లు రాసే దురలవాటు ఉంటే ఇవాళే మానేయండి. రాజు, విజయన్, కవలలు రామ్-లక్ష్మణ్, పీటర్ హెయిన్ అని వరస మొదలుపెడితే ఏ ఫైటు ఎవరిదో గుర్తుపట్టాల్సి వస్తుంది. ఎవరు మట్టిలో దొర్లిస్తారు, ఎవరు గాల్లో తిప్పుతారు, ఎవరు ఒక్క దెబ్బకు ముందు ఊపిరి బిగబట్టిస్తారు అని చూడాల్సి వస్తుంది. అదంతా చదువు. జాతీయ అవార్డుల్లో ఫైట్లకు చోటిచ్చిందే 2017లో, ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ మొదటిది అందుకున్నాడు. ‘ఆర్ఆర్ఆర్’ ఫైట్లకు కింగ్ సాలమన్‌కు వచ్చింది. ఆస్కార్ వాళ్లు ఇంకా నిదానం. స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2027 సినిమాలకు 2028 వేడుకలో మొదటిసారి ఇస్తారట. ఆ ప్రకటనకు పెట్టిన బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ ఉంది. మీరు తొందరపడి ఆస్కార్ కన్నా ముందుకు పోకండి. ‘ఫైట్స్ ఓకే’ అన్న రెండు మాటలు ఇన్నాళ్లూ సరిపోయాయి.

2025 జూలైలో తమిళనాడులోని నాగపట్టణం దగ్గర ఒక సినిమా షూటింగులో కారు పల్టీ కొట్టించే స్టంట్ చేస్తూ ఒక స్టంట్‌మ్యాన్ చనిపోయాడు. కారు పల్టీలకు మన దగ్గర మార్కులు వేసే పద్ధతి ఇది: నేలకు తగిలినప్పుడు సబ్‌వూఫరు ఎంత లోతుకు దిగింది, అద్దాలు పగిలిన చప్పుడు స్పీకర్ల మధ్య ఎంత సాఫీగా జరిగింది. లోపలున్న మనిషికి కాలమ్ లేదు.

ఏ వెర్షన్ చూశారన్న ప్రశ్న ఎప్పుడైనా రావచ్చు. ‘పుష్ప 2’ థియేటర్లో ఒక నిడివి, తర్వాత ఇంకొన్ని నిమిషాలు కలిపి మరో నిడివి, నెట్‌ఫ్లిక్స్‌లో 3 గంటల 44 నిమిషాలు. అన్నీ చూశాననండి. ‘ఆర్ఆర్ఆర్’ను ప్రపంచం నెట్‌ఫ్లిక్స్‌లో హిందీలో చూసి ముక్కున వేలేసుకుంటే, తెలుగుది 2022 మేలో జీ5లో వచ్చింది. భీముడు ఏ భాషలో అరిచినా అరుపు డెసిబెల్స్ ఒకటే కనుక మీ రివ్యూకు తేడా రాదు.

చివరికి మార్కుల పట్టిక. బొమ్మ తొమ్మిదిన్నర, శబ్దం తొమ్మిదిన్నర, అట్ట పది. ఫైట్లకెన్ని అని ఎవరైనా నిలదీస్తే, ఆ సమయంలో సబ్‌టైటిల్స్ నల్లపట్టీ మీద పడుతున్నాయా, బొమ్మ మీద పడుతున్నాయా అని చూస్తున్నానని చెప్పండి. సినిమా అయిపోగానే పేర్లు పైకి పాకడం మొదలవుతుంది. ఫైటర్ల పేర్లు, డూపుల పేర్లు ఉంటేగింటే అక్కడే, బాగా కిందికి, సన్న అక్షరాల్లో ఉంటాయి. అవి రాకముందే యాప్ ఆ బొమ్మను మూలకు నొక్కేసి, తర్వాతి సినిమా మొదలవుతోందని అంకెలు లెక్కపెడుతుంది. అయిదు, నాలుగు, మూడు. రిమోట్ ముట్టుకోకండి.