తరిగిపోయే పూత ఆత్మకథ

జెట్ ఇంజన్‌లో నికెల్ సూపర్ అల్లాయ్ బ్లేడు మీది అల్యూమినైడ్ పూతను నేను. మందం 50 మైక్రాన్లకు అటూ ఇటూ. అందుకే నన్ను బ్లేడుకు వేసిన రంగు అనుకుంటారు. నా అడ్డుకోతను పాలిష్ పట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఆ మాట నిలవదు. పైభాగం నికెల్, అల్యూమినియం పరమాణువులు ఇంచుమించు సమంగా ఉండే బీటా దశ. దాని కింద నా మూలకాలూ బ్లేడు మూలకాలూ కలగలిసిన పట్టీ, అందులో టంగ్‌స్టన్ లాంటి బరువు లోహాలు చేరిన తెల్లటి రేణువులు. అంటే నేను బ్లేడు మీద కూర్చోలేదు, దాని నికెల్‌తోనే పుట్టాను. ఆక్సిజన్‌ను అడ్డుకునేది కూడా నేరుగా నేను కాదు, నా మీద పెరిగే కొద్ది మైక్రాన్ల అల్యూమినా పొర. ఇంజన్ వేడెక్కి చల్లారినప్పుడల్లా లోహం ముడుచుకున్నంతగా ఆ పొర ముడుచుకోదు, అక్కడక్కడా పెచ్చులూడుతుంది. ఊడినచోట మళ్లీ పెరగడానికి అల్యూమినియం ఇచ్చే గాదెను నేను. ఇచ్చినకొద్దీ నా బీటా రేణువుల అంచుల వెంట అల్యూమినియం తక్కువగా ఉండే గామా ప్రైమ్ దశ పాకుతుంది. నా ఖర్చుల లెక్క అక్కడే కనిపిస్తుంది.

ఆ అల్యూమినియాన్ని బ్లేడు లోహంలోనే కలిపేయవచ్చు కదా అంటారు. బరువులో 5, 6 శాతం దాకా కలిపారు కూడా. బ్లేడుకు బలమిచ్చే గామా ప్రైమ్ ఘనాలు దానివల్లే ఏర్పడతాయి. ఇంకా పెంచుకుంటూ పోతే నాలాంటి బీటా లోపలే పుడుతుంది. నేనేమో చల్లగా ఉంటే పెళుసు, 1000 డిగ్రీలు దాటితే మెత్తన; బరువు మోసే పని నాకు చేతకాదు. నన్నే దట్టంగా వేయమన్నా చిక్కు ఇదే. గిర్రున తిరిగే బ్లేడుకు బరువు పెరుగుతుంది, నాలో పుట్టిన పగులు లోపలికి దిగుతుంది.

కాపాడాల్సిన నేనే బ్లేడును చెరుపుతున్నానన్నది అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ. నిజమే. నా అల్యూమినియం కొంత లోపలికి ఇంకుతుంది. రీనియం ఎక్కువున్న లోహాల్లో సూదుల్లాంటి పెళుసు దశలు లేచి, బరువు మోసే భాగం ఆ మేరకు సన్నబడుతుంది. కానీ నేను లేకుంటే మంట ఆ లోహాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. పైగా ఈ నష్టానికి మందు మరింత అల్యూమినియం కాదు, పొదుపు. ముందుగా ప్లాటినం పూసి ఆ పైన నన్ను ఎక్కిస్తే అల్యూమినా గట్టిగా అంటుకుంటుంది, ఊడడం తగ్గుతుంది, గాదె మీద భారం తగ్గుతుంది. నన్ను కరిగించి కొత్త పూత వేసే ప్రతిసారీ బ్లేడు గోడ కొంత పోతుంది గనక ఈ పొదుపుకు విలువ ఇంకా ఎక్కువ. అందుకే నా ఆయుష్షును మందంతో కొలవకండి, మిగిలిన బీటాతో కొలవండి.