కపోత విక్రయ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఒరిజినల్ బెల్జియం బ్లడ్ లైనండీ. ఎక్కడ వదిలినా ఇంటికొచ్చేస్తుంది."

అవతారిక. నూజివీడు చుట్టుపక్కల తోటల ఊళ్లలో పెరట్లో రెండు చెక్కపెట్టెలు బిగించి, ఇనప జాలీ తలుపు పెట్టి, గూటికి తిరిగొచ్చే హోమర్ పావురాలు పెంచుదామని బయలుదేరిన వాడికి మొట్టమొదట వినిపించేది ఈ వాక్యమే. కర్త అజ్ఞాతం, కాలం అనిర్ణీతం. పాఠాంతరాలు మాత్రం విస్తారం: గిరాకీని బట్టి బెల్జియం బదులు హాలెండ్ వస్తుంది, మరీ గొప్పవాళ్లు కనిపిస్తే "ఇంపోర్టెడ్" అనే విశేషణం ముందు చేరుతుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికే పూచీ పడతాడు.

టీక. "ఒరిజినల్" అనే పదం సుబోధం కనుక విడిచిపెడుతున్నాం. "బ్లడ్ లైన్" దగ్గర ఆగాలి. ఈ మాట ఇంకెక్కడ చెల్లినా నూజివీడులో చెల్లకూడదు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, తోతాపురి, ఏ చెట్టుకు పేరు నిలిచినా అంటు కట్టడం వల్లే నిలిచింది. తల్లిచెట్టు కొమ్మ తెచ్చి టెంక మొలక మీద కడతారు. అందుకే పిల్లచెట్టు కాయ తల్లి కాయలాగే ఉంటుంది. అదే పండు తిని టెంక పాతితే ఏమొస్తుందో నర్సరీలో రోజుకూలికి నీళ్లు పోసేవాడిని అడిగినా చెబుతాడు: మామిడే వస్తుంది, ఏ మామిడో చెప్పలేం. పావురానికి అంటు లేదు. ప్రతి గుడ్డూ ఒక టెంకే. పెట్ట రెండు గుడ్లు పెడుతుంది, ఆడా మగా వంతులు వేసుకుని పదిహేడు పద్దెనిమిది రోజులు పొదుగుతాయి, రెండూ తమ గొంతుసంచిలో ఊరిన పాలే పట్టి పెంచుతాయి. ఒకే గూట్లో అట్లా పెరిగిన రెండు పిల్లల్లో ఒకటి సాయంత్రానికి గూడు చేరుతుంది, ఇంకొకటి అయిపూ అజా లేకుండా పోతుంది. రక్తం రెంటిదీ ఒకటే కదా!

శంక: అయితే 2020 నవంబరులో "న్యూ కిమ్" అనే బెల్జియం పెట్టను వేలంలో 16 లక్షల యూరోలు పోసి కొన్నవాళ్లు వెర్రివాళ్లా? సమాధానం: కారు. పందేలు మానేసిన ఆ పెట్టను పిల్లల కోసం కొన్నారు. రెక్క బలం, ఓపిక, వేగం వంశంలో దిగుతాయి. తరాల తరబడి ఏరి ఏరి జతకట్టిన బెల్జియం వాళ్ల శ్రమను ఎవరూ కాదనరు. దారి మాత్రం వంశంలో దిగదు. దిగేదే అయితే తలుపు తీయగానే ఆ పక్షి యాంట్‌వెర్ప్ దిక్కుకు పోవాలి. నూజివీడు గూట్లో పుట్టిన పిల్ల నూజివీడుకే వస్తున్నదంటే, వంశాన్ని ఊరు గెలిచినట్టే.

ఇక "ఎక్కడ వదిలినా". ఇక్కడ ప్రస్తుతాన్ని కాసేపు పక్కన పెట్టక తప్పదు, ఎందుకంటే ఇది సందేశకావ్యాలకు సంబంధించిన విషయం. యక్షుడు మేఘాన్ని పంపాడు. నలుడికీ దమయంతికీ మధ్య హంస తిరిగింది. వేదాంత దేశికుల కావ్యంలో రాముడు సీతకు హంస చేతనే కబురు పెట్టాడు. గూటి దారి పట్టడంలో ఇంత పేరున్న పావురాన్ని ఈ మహానుభావులు ఎందుకు పిలవలేదు? శృంగారానికి పనికిరాదనా? ఇరవై నాలుగు గంటలూ జతతో ముక్కు ముక్కు రాసుకునే పక్షికి ఆ దోషం అంటదు. అసలు సంగతి వేరు. పావురం చెప్పినచోటికి పోదు; తన గూటికే పోతుంది. రామగిరి మీది యక్షుడు పావురం చేత అలకాపురికి కబురు పంపాలంటే, అలకాపురిలో పుట్టి పెరిగిన పావురాన్ని శాపం తగిలిన రోజునే బుట్టలో పెట్టుకుని బయలుదేరి ఉండాలి. ఎనిమిది నెలలు దానికి గింజలు వేసి, కదలకుండా కాపాడి, ఆషాఢమాసపు మబ్బులో, పావురం ఎగరడానికి ఇష్టపడని సరిగ్గా ఆ వానలో, వదలాలి. ఆపైన రెండో కబురుకు రెండో పావురం కావాలి. ఈ ఖర్చంతా లెక్కవేసుకునే కాళిదాసు మేఘాన్ని ఎంచుకున్నాడని మా సిద్ధాంతం. "మైనే ప్యార్ కియా" తెలుగులో "ప్రేమ పావురాలు"గా ఆడినప్పటి నుంచి, మెడకు చీటీ కట్టి ఎవరింటికైనా పంపవచ్చని నమ్మినవాళ్లు ఈ సంగతి గమనించగలరు.

ప్రత్యక్ష ప్రమాణం కావాలంటే మన ఉత్తరాంధ్రకు ఆనుకునే ఉన్న కోరాపుట్ ఉంది. 1946లో సైన్యం ఇచ్చిన 200 పావురాలతో ఒడిశా పోలీసులు అక్కడ కబుర్ల సర్వీసు మొదలుపెట్టారు. 1948 ఏప్రిల్ 13న సంబల్‌పూర్ నుంచి కటక్‌కు నెహ్రూ సందేశం పావురమే మోసింది. 1999 తుపానులో తీగలు తెగినప్పుడు కూడా అవి పనికొచ్చాయి. 2002లో సర్వీసు ముగిసింది. పక్షులను మనుషులు మోసుకెళ్లి దూరాన వదిలితేనే అవి తిరిగొచ్చేవి. శంక: రెండు వైపులా తిరిగే పావురాలూ అక్కడ ఉండేవట కదా? ఉండేవి. ఒకచోట గూడు, ఇంకోచోట మేత అలవాటు చేస్తే ఆకలి ఒకవైపు, గూడు ఒకవైపు లాగుతాయి. ఇందులోనూ రక్తం చేసిన పని మాకు కనిపించలేదు.

మూలాన్ని మరిచాం. "ఎక్కడ" అనేది సర్వనామం కాదు, అనేక నెలల చాకిరీ. నాలుగు వారాల పిల్లను తల్లి నుంచి విడదీసి, గూటి కప్పు మీద జాలీ పెట్టెలో కూర్చోబెట్టి ఊరు చూపించాలి. ఎగరేసే ముందు మేత వేయకూడదు. దిగాక రేకు డబ్బాలో జొన్నలు, పెసలు గలగలలాడించి, అది లోపలికి తోసుకుని వచ్చాకే గింజ పడాలి. తర్వాత బుట్టలో పెట్టి మొదట ఊరి చివర, తర్వాత ముసునూరు, ఆ తర్వాత హనుమాన్ జంక్షన్, అట్లా పెంచుకుంటూ పోవాలి. సూర్యుణ్ణి చూసి దిక్కు పట్టే ఈ పక్షిని చీకటిగదిలో ఉంచి, దీపాలతో దాని ఒంటి గడియారాన్ని ఆరు గంటలు జరిపితే, ఎండలో వదిలినప్పుడు ఇంటి దిక్కుకు దాదాపు లంబంగా పోతుంది. 1970లలో ఇటలీలోని పీసాలో పాపి అనే శాస్త్రవేత్త వాసన నరం తెగిన పావురాలను తెలియని చోట వదిలితే అవి ఇంటి దారి పట్టలేకపోయాయి. గాలి సోకకుండా గోడలు కట్టిన గూళ్లలో పెరిగినవీ దిక్కు తేల్చుకోలేకపోయాయి. ఎండ, గాలి, గూడు, ఆకలి: ఇన్ని సాక్ష్యాలు కళ్ల ముందుండగా మనవాళ్లు కంటికి భూతద్దం పెట్టి, పావురం నల్లగుడ్డు చుట్టూ ఉన్న వలయంలో వంశచరిత్ర చదువుతారు.

ఈ రోగం ఎక్కడిదో ఊహించవచ్చు. సంక్రాంతి బరిలో కుక్కుట శాస్త్రం చూసే సీమ ఇది: కాకి, డేగ, నెమలి, పర్ల అని ఈకల రంగును బట్టి పేర్లు, ఏ రోజు ఏ రంగు ఏ రంగును కొడుతుందో లెక్కలు. ఆ శాస్త్రం కనీసం ఓడే పుంజు ఏదో కూడా చెబుతుంది. కపోత శాస్త్రంలో ఓడే పక్షే లేదు. అమ్మకానికి వచ్చినవన్నీ విజేతలే. పైగా "విశ్వాసం" అని ఒక కీర్తన. మగదాన్ని జత నుంచి విడదీసి, పందేనికి ముందు ఒక్కసారి పెట్టను చూపించి బుట్టలో వేస్తారు. అది గుండెలు పగిలేలా ఎగిరొస్తే యజమాని మీద విశ్వాసమట! భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో పావురాన్ని చేర్చింది సంసార మోహం ఎంత ప్రమాదమో చెప్పడానికి. వీళ్లు అదే మోహాన్ని పెట్రోలుగా వాడి, పేరు మాత్రం భక్తి అని పెట్టారు.

"ఇంటికి" అన్నది ఈ వాక్యానికి ప్రాణం. ఎవరి ఇంటికి? మూలంలో ఎవరిదో చెప్పే మాట లేదు. కొనేవాడు తన ఇల్లే అనుకుంటాడు. ఎగిరి రుచి మరిగిన పెద్ద పక్షిని కొని నెలరోజులు మేపి తలుపు తీస్తే, అది నేరుగా అమ్మినవాడి డాబా మీద దిగుతుంది. అమ్మినవాడు అబద్ధం ఆడలేదు, ఇంటికే వచ్చింది. అదే పక్షి మళ్లీ బెల్జియం అవుతుంది, మళ్లీ ధర పలుకుతుంది. 2022లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారినప్పుడు మనుషులు కాగితాలు మార్చుకున్నారు. పావురానికి అట్లా మార్చుకునే వీలు లేదు. పెద్దవాటిని గూట్లోనే ఉంచి పిల్లలు తీయించుకోవాలి, లేదా ఇంకా ఎగరని పిల్లలనే కొనాలి. పదిహేనేళ్ల కుర్రాడు దాచుకున్న డబ్బు పట్టుకుని వస్తే, ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. నల్లగుడ్డు వలయం గురించి మాత్రం గంట చెబుతారు.

"వచ్చేస్తుంది". భవిష్యత్తు, నిశ్చయార్థకం. మే ఎండలో, కోతల కాలంలో, డేగలూ కరెంటు తీగలూ దాటుకుని రాని వాటి లెక్క ఈ క్రియలో ఇమడదు. 2023 మేలో ముంబయి రేవు దగ్గర, కాలికి రింగులూ రెక్క మీద చైనా లిపీ ఉన్న ఒక పావురాన్ని గూఢచారి అనుకుని పట్టుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత తైవాన్ పందెం పక్షి అని తేల్చి వదిలిపెట్టారు. దాని రక్తానికి ఏ వంకా పెట్టలేం. కాబట్టి పండ్ల షెడ్డులో గడ్డి మీద రింగున్న పావురం రెక్కలు వాల్చి కూర్చుని కనిపిస్తే, దాని జాతకం అడక్కుండా ముందు మూకుడులో నీళ్లు పెట్టండి, తర్వాత గుప్పెడు జొన్నలు. రాత్రికి పిల్లికి అందకుండా అట్టపెట్టెలో ఉంచి, ఎండెక్కకముందే వదలండి.