అబ్బ తుపాకిని అటక మీదే కాపాడుకోవడం ఎలా?

అబ్బ పోయాడు. పొలం పంచుకున్నారు, బావి వంతులు వేసుకున్నారు, జేజి నగలకు తూకం కూడా అయిపోయింది. ఇక మిగిలింది అటక మీది తుపాకి. దాన్ని ఏం చేయాలో తోచని బళ్ళారి, సిరుగుప్ప, కంప్లి వైపు వారసులకూ, సరిహద్దు అవతల ఆలూరు, ఆదోని, రాయదుర్గాల్లో ఉన్న వాళ్ల దాయాదులకూ కొన్ని తిరుగులేని చిట్కాలు.

1. ముందు వంశచరిత్ర కట్టండి. తుపాకి టిప్పు సుల్తాను ఇచ్చాడని చెప్పండి. టిప్పు 1799లోనే పోయాడు, మీదేమో క్యాపు పెట్టి పేల్చే రకం, అలాంటివి 1820ల తర్వాత గానీ వాడుకలోకి రాలేదు. అయినా పెళ్లిచూపుల్లో ఇంత లెక్క ఎవరడుగుతారు? టిప్పు కుదరకపోతే పాలెగాడి తుపాకి అనండి. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ఇచ్చేశాక, కలెక్టరుగా వచ్చిన మన్రో దొర సుమారు 80 మంది పాలెగాళ్ల బలం అణిచాడు. ఆయన కంటబడలేదు, 1878 ఆయుధాల చట్టానికీ చిక్కలేదు అని ఎస్సై ముందు గట్టిగా చెప్పండి. తరతరాలుగా లైసెన్సు లేదని మీ నోటితోనే తేల్చేసినట్టవుతుంది.

2. అబ్బ పేరు మీద లైసెన్సు ఉంటే దాన్నే ట్రంకు పెట్టెలో భద్రంగా దాచండి. పహణీలో పేరు మార్పించడానికి తాలూకాఫీసు చుట్టూ తిరిగింది చాలదా, తుపాకికీ తిరగాలా? మనిషితోనే లైసెన్సు పోతుందనీ, లైసెన్సు లేని తుపాకి ఇంట్లో దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలనీ చట్టం అంటుంది. పెద్దాయన ఇంకా ఉన్న ఇళ్లలోనైతే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడి పేరుమీద లైసెన్సుకు పెట్టుకోవచ్చని 2016 నిబంధనల్లో ఉంది. కానీ ఆ మాటెత్తితే ఆయన నొచ్చుకుంటాడు. ఎత్తకండి.

3. ముగ్గురు కొడుకులుంటే న్యాయంగా పంచండి. గొట్టం పెద్దోడికి, చెక్క నడిపోడికి, మిగతా ఇనుము చిన్నోడికి. విడగొడితే అది తుపాకి కాదనే ధైర్యంతో ఉండండి. తుపాకి భాగాలు కూడా తుపాకి కిందికే వస్తాయని చట్టంలో రాసింది మన ఊరివాళ్లు కాదుగా! ఒక కేసు కావాల్సిన చోట మూడవుతాయి, అన్నదమ్ములు ఒకే కోర్టులో కలుసుకోవచ్చు. ఇక ఇంట్లో లైసెన్సు ఉన్నవే మూడు నాలుగు ఉంటే అన్నీ ఒక్కరే ఉంచుకోండి. 2019 సవరణ తర్వాత మనిషికి రెండే, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనివే.

4. తుప్పు పట్టిందా? ఇంకేం, అది పురావస్తువు. చట్టం వదిలేసేది రిపేరు చేసినా పేలని పాత తుపాకిని మాత్రమే. అది పేలుతుందో లేదో తెలియాలి కదా, సందులో ఉన్న వెల్డింగు షాపులో ఇచ్చి బాగుచేయించి చూడండి. తుపాకి రిపేరుకు ఆ షాపాయనకు వేరే లైసెన్సు ఉండాలి, ఆయనకది ఉండదు. ఆ విధంగా మీకు తోడు ఒకరు దొరుకుతారు.

5. సరిహద్దును పట్టించుకోకండి. 1953 అక్టోబరు 1 దాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం బళ్ళారి జిల్లాలోవే. కాబట్టి కారు డిక్కీలో తుపాకి వేసుకుని ఆలూరులో చిన్నాయన ఇంటికి పోండి. చెక్‌పోస్టులో ఆపితే ఈ చరిత్రంతా వినిపించండి. లైసెన్సులో ఏ ప్రాంతం రాసుంటే అక్కడికే చెల్లుతుందని వాళ్లు తిరిగి చెబుతారు. వినడానికి స్టేషన్‌లో మీకు కావలసినంత తీరిక.

6. కొడగు వాళ్లకు లేని లైసెన్సు మనకెందుకని వాదించండి. కొడవలకు, జమ్మా భూములున్న వాళ్లకు కేంద్రం ఇచ్చిన మినహాయింపు 2029 అక్టోబరు దాకా ఉంది, కర్ణాటక హైకోర్టు 2021లో దాన్ని సమర్థించింది కూడా. మనదీ కర్ణాటకే, మనమూ ఆయుధపూజ చేస్తాం. ఆ ఉత్తర్వులో బళ్ళారి లేకపోవడం చిన్న లోపం. దసరా నాడు కుంకుమ పెట్టిన తుపాకితో ఫోటో దిగి స్టేటస్‌లో పెట్టండి. సాక్ష్యం వెతికే శ్రమ పోలీసులకు తప్పుతుంది.

7. పెళ్లి మెరవణిలో గాల్లోకి పేల్చండి. జనానికి ప్రమాదం తెచ్చేలా వేడుకకు కాలిస్తే 2 ఏళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. కట్నాల చదివింపుల్లో ఇదీ ఒకటనుకుంటే సరి. గురి సరిచూసుకోవాలంటే సిరుగుప్ప బయళ్లలోకో, దరోజీ గుట్టల్లోకో వెళ్లండి. బట్టమేక పిట్టలు, ఎలుగుబంట్లు తగ్గిపోతున్న ఈ రోజుల్లో 1972 వన్యప్రాణి చట్టానికి కూడా పని కల్పించినట్టుంటుంది.

8. పిల్లలు అడిగితే ఆడుకోనివ్వండి, ఎలాగూ ఖాళీదే. గొట్టంలో ఎప్పుడో కూరిన తుపాకిమందు తడి తగలకుంటే ఏళ్ల తర్వాత కూడా అంటుకుంటుందని అబ్బకు తెలుసు, ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

9. మంచి కోరేవాళ్లమంటూ కొందరు చెప్పే దారి ఒకటుంది, అది మాత్రం తొక్కకండి. తుపాకిని కదిలించకుండా ముందు స్టేషన్‌కు కబురు పెట్టాలట. వాళ్లు చెప్పినట్టు అప్పగించి రసీదు తీసుకోవాలట. ఉంచుకోవాలంటే మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల పత్రాలు జతచేసి డీసీ ఆఫీసులో అర్జీ పెట్టాలట. అర్జీదారుకు 21 ఏళ్లు నిండాలట. అక్కర్లేకపోతే లైసెన్సున్న డీలరుకు అమ్మేయాలట. ఇంత చేశాక భయం పోతుంది, లాయరు పోతాడు, ఊళ్లో చెప్పుకోవడానికి కథా మిగలదు.

తుపాకి వారసత్వంగా వస్తుంది, లైసెన్సు రాదు. ఈ ఒక్క ముక్క గుర్తున్నవాళ్లకు పై ఎనిమిది చిట్కాలతో పనిలేదు.