డెబ్బై గుర్తుల బతుకు

నేను ఎస్సెమ్మెస్‌ను. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో ఒక కంప్యూటరు నుంచి ఫోనులోకి క్రిస్మస్ శుభాకాంక్షగా దిగాను. ఇంగ్లీషులో నా నిడివి 160 అక్షరాలు. తెలుగులోకొస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొచ్చి 70 గుర్తులకే సరిపెట్టుకుంటాను. ఇంత చిన్న ఒంటితో ఆడపిల్లల రక్తహీనత తగ్గించగలనా? ఆ పని ఐరన్ మాత్రది. మాత్రకీ నోటికీ నడుమ అడ్డుపడే మరుపును తొలగించడం వరకే నా వంతు. అదీ బడి నడిచే రోజులకన్నా సెలవుల్లోనే నా అవసరం ఎక్కువని నా వాదన.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 54.1. బళ్లలో వారానికొకటి ఉచితంగా ఇచ్చే నీలి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రోజూ చేసే పని అలవాటైపోతుంది. వారానికోసారి చేసేదాన్ని ఎవరో ఒకరు గుర్తుచేయాలి. బడిలో టీచరమ్మ ఆ పని చేస్తుంది. వేసవి సెలవుల్లో చేసేవారుండరు. కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడేవారిపై 2011లో వెలువడిన పరిశోధనలో, వారానికోసారి సందేశం అందినవారిలో 53 శాతం మంది 48 వారాలపాటు కనీసం 90 శాతం మోతాదులు తీసుకున్నారు. అందనివారిలో 40 శాతమే. రోజూ పంపినచోట ఆ మేలు కనిపించలేదు. జబ్బు వేరు, దేశం వేరు నిజమే. కానీ వారపు మాత్రకు వారపు సందేశం చాలన్న నమ్మకానికి అది ఆధారం.

ఫోను ఆడపిల్ల చేతిలో ఉంటుందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ జాతీయ సర్వేలోనే సొంతంగా వాడుకునే ఫోనున్న 15-49 ఏళ్ల స్త్రీలు 54 శాతమే. అంటే నన్ను ముందు చదివేది నాన్నో అన్నయ్యో కావచ్చు. కనుక నాలో నెలసరి ఊసు ఉండకూడదు. ఈ మాత్ర మగపిల్లలకూ ఇస్తారు కాబట్టి ఆ ఊసు అక్కర్లేదు కూడా. మానేయడానికి మరుపుకన్నా వికారమూ భయమూ పెద్ద కారణాలన్నది రెండో ఆక్షేపణ. అందుకే ఉత్త ‘మాత్ర వేసుకో’ అన్న ఆజ్ఞగా వెళ్లను. ‘అన్నం తిన్నాక మాత్ర వేసుకో. వెంటనే టీ వద్దు. మలం నల్లగా ఉంటే భయపడకు.’ ఇదంతా 68 గుర్తులే. తీరని వికారానికి మాత్రం ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్మే దిక్కు.

ఇంట్లో మాత్ర లేనినాడు నేనెన్నిసార్లు మోగినా దండగే. సెలవులివ్వకముందే మాత్రల అట్ట పిల్ల సంచిలో పడాలి. ఆ తర్వాతే నన్ను పంపండి.