మావయ్య కంప్యూటర్‌కి జడ్ కేటగిరీ

మా రాజమండ్రి మావయ్య ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా సర్కారు సొమ్ముకి కాపలా కాసిన మనిషి, ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్‌కి కాస్తున్నారు. అందులో ఉన్నవల్లా కరెంటు బిల్లులు, మనవరాలి బారసాల ఫొటోలు, సత్యనారాయణ వ్రతకథ ఆడియో. వాటికోసం రష్యాలో ఎవడో నిద్ర మానుకుని కూర్చున్నాడని ఆయన నమ్మకం.

కెమెరా కన్నుకి అత్తయ్య మెరూన్ బొట్టుబిళ్ల అతికించారు. మానిటర్ ముత్తైదువలా కళకళలాడుతూ ఉంటుంది. నవ్వామా, 2016 నాటి పేపర్ కటింగ్ బయటికొస్తుంది. అందులో జుకర్‌బర్గ్ వెనకాల ఉన్న లాప్‌టాప్ కెమెరాకి టేపు వేసి ఉంటుంది. "ఫేస్‌బుక్ పెట్టినవాడికే భయంరా, మనమెంత?" ఈ ఒక్క విషయంలో నేను నోరెత్తలేను.

పాస్‌వర్డ్ మాత్రం బ్యాంకుకీ, మెయిల్‌కీ, కరెంటు బిల్లుకీ ఒకటే. ఒకచోట బయటపడితే దొంగ వెధవలు దాన్నే అన్నిచోట్లా పెట్టి చూస్తారు మావయ్యా, వేటికది పొడుగ్గా పెట్టుకోండి అన్నాను. "నెలనెలా చివరంకె మారుస్తున్నాగా!" అన్నారు. మారిస్తే గుర్తుండాలిగా, అందుకని పాలలెక్క పుస్తకంలో అరలీటర్ల మధ్య రాసుకుంటారు. ఎవరికీ అనుమానం రాదట. ఓరోజు పాలబ్బాయి వచ్చి, "అమ్మగారూ, 28వ తారీకున ఈ శ్రీరామ12 ఎన్ని లీటర్లండీ?" అనడిగాడు.

యాంటీవైరస్‌లు మూడు. ఒకటి కొన్నది, ఒకటి ఉచితం, మూడోది ఎలా వచ్చిందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. విండోస్‌తోపాటే డిఫెండర్ వస్తుంది, ఇంటి వాడకానికి అది చాలు, మూడూ కలిస్తే ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కూర్చుంటాయి అని చెప్పి చూశాను. "ఉంటే పోయేదేముందిరా?" పోయేది టైమే. స్విచ్ వేసి సంధ్యావందనం ముగించుకొచ్చేసరికి మౌస్ బాణం అప్పుడప్పుడే కదలడం మొదలెడుతుంది. నా పెన్‌డ్రైవ్‌ని మాత్రం మూడింటి చేతా విడివిడిగా తనిఖీ చేయిస్తారు. సొంత మేనల్లుణ్ణి!

ఇన్ని చేసే మనిషికి అప్‌డేట్ అంటే ఒళ్లు మంట. "వాడెవడో అమెరికాలో కూర్చుని, నా ఇంట్లోకొచ్చి సర్దుతానంటే ఊరుకుంటానా?" అని 'తర్వాత గుర్తుచేయి' నొక్కుతారు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి, ఫైళ్లకి తాళాలేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ కడితేగానీ తియ్యనంది. ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతకి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, అప్‌డేట్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన చెవికెక్కింది మాత్రం ఒక్కటే: "చూశావా, పోలీసులకే దిక్కు లేదు!"

మొన్న సంక్రాంతికి వెళ్తే ఫోన్ మోగింది. మీ కంప్యూటర్‌లో వైరస్ పడింది సర్, మేం కంపెనీ నుంచి సర్, అంటున్నాడు అవతలివాడు. మాటకో సర్. రిటైరయ్యాక ఆ పిలుపు కరువైపోయిందేమో, మావయ్య కరిగిపోయారు. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరవమన్నాడు, తెరిచారు. ఎర్రగుర్తులు బారులు తీరాయి. నిక్షేపంలాంటి కంప్యూటర్‌లోనూ అవి ఉంటాయి, ఆ దొంగల బతుకుదెరువే అవి. తెర వాడికి అప్పగించే సాఫ్ట్‌వేర్‌ని మావయ్య దింపుకుంటూంటే నేను అరుస్తున్నాను. "ఉండరా, పెద్దమనిషి మాట్లాడుతున్నాడు!" వంటింట్లోంచి అత్తయ్య అట్లకాడతో వచ్చి, మోడెం ప్లగ్గు పీకేసి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి అంటున్నాను నేను. అంత మర్యాదస్థుడితో మాట మధ్యలో ఆగిపోయిందని ఆయన బాధ.

అక్టోబరు 14, 2025న, మావయ్య కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. పాడుబడ్డ కోటలో ఉన్నట్టే, ఏదో ఒకటి చెయ్యాలని కంగారుపడి ఫోన్ చేశాను. మావయ్య గొంతులో పెళ్లి సందడి.

"నాకూ తెలిసిందిరా. ఇన్నేళ్లు ససేమిరా అన్నానా, ఆఖరికి వాళ్లే దారికొచ్చారు!"